పార్సిల్ తేకుండా రాత్రి భోజనం: తిరుపతి, చిత్తూరు వంటిళ్లకు సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో వంట ఎగ్గొట్టడం మహా తేలిక. యాత్రికుల ఊరు కాబట్టి తెల్లవారుజామున రైలు దిగినవారికీ, పొద్దుపోయి కొండ దిగి వచ్చినవారికీ ఎక్కడో ఒక హోటలు తెరిచే ఉంటుంది. రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని బస్సు దిగినా, ట్యూషన్ నుంచి పిల్లల్ని తీసుకొస్తున్నా, ఇంటికి చేరేలోపు నాలుగైదు టిఫిను బండ్లు పలకరిస్తాయి. ఎప్పుడో ఒకసారి దోసెలు కట్టించుకుంటే తప్పేమీ లేదు. వారంలో మూడు రాత్రులు అదే తంతయితే డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ మూడు రాత్రులూ ఇంట్లో ఎవరి కడుపులోకీ పిడికెడు ఆకుకూర వెళ్లకపోవడం మరో ఎత్తు.

చవకగా, ఆరోగ్యంగా తినడానికి కొత్త వంటలేవీ నేర్చుకోనక్కర్లేదు. రాగి సంగటి, పుల్లగూర (పుల్లటి ఆకుకూర పప్పు), పులగం, ఉలవచారు, ఊరుబిండి (వేరుశెనగ పచ్చడి) ఈ నేలవే. ఇవి రాత్రిపూట కష్టమనిపించడానికి కారణం వండటంలో లేదు. నానబెట్టాలి, ఏరాలి, వేయించాలి అన్న సంగతి సాయంత్రం ఏడు గంటలకు గుర్తుకు రావడంలో ఉంది. ఈ మూడు పనులనూ రాత్రి నుంచి తప్పిస్తే మిగిలేది ముప్పావుగంట వంట. కింద చెప్పిన కొలతలన్నీ నలుగురికి. గ్లాసు అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసు.

ముందుగా కంచం సంగతి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కిలోక్యాలరీలు చాలే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు సరిపోతాయి. ఉప్పు 5 గ్రాములు మించకూడదు. మన కంచంలో లెక్క తిరగబడి ఉంటుంది: గుట్టగా అన్నం, దాని మీద రెండు గరిటెల పప్పునీళ్లు. కాబట్టి మొదట మార్చాల్సింది వంటకాన్ని కాదు, కొలతను. నలుగురికి రాత్రి వంటలో కనీసం 150 గ్రాముల పప్పు పడాలి. ఆకుకూర రెండు కట్టలు. బియ్యం ఇప్పుడు వేస్తున్నదానికంటే ఒక పిడికెడు తగ్గినా ఎవరూ గమనించరు.

నూనెకు సులువైన తనిఖీ ఒకటి ఉంది. పై లెక్కన నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల క్యాను నెల తిరగకుండా ఖాళీ అవుతుంటే వంటింట్లో ఎక్కడో వేపుళ్లు ఎక్కువవుతున్నట్టే.

ఆదివారం ఒక గంట

వారమంతా చేసే వంటలో సగం ఇక్కడే అయిపోతుంది.

మొదట వేరుశెనగ గింజలు అరకిలో. మందపాటి బాణలిలో నూనె లేకుండా చిన్న మంట మీద వేయించాలి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి, మరునాటికే మెత్తబడతాయి. గింజలు చిటపటమన్నాక దించేయకుండా, ఒకటి తీసి చల్లార్చి కొరికి చూడండి. కరకరమంటే అయినట్టు. పొట్టు నలిచి చెరిగి డబ్బాలో పోసుకోవాలి. తిరుపతిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రమే నారాయణి, ధరణి లాంటి వేరుశెనగ రకాలను రైతులకు ఇచ్చింది. అంత పండే చోట ఉండి, పిల్లల చేతిలో చిప్సు పొట్లాలు పెట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రెండోది రాగిపిండి. రాగులు కడిగి నీడలో ఆరబెట్టి, మిల్లులో పట్టించుకుంటే రెండు కిలోలు చాలు. ఎక్కువ పట్టిస్తే పిండి పాతబడి చేదెక్కుతుంది. పది రకాల చిరుధాన్యాలు కలిపామంటూ మెరిసే కవర్లలో అమ్మే పిండి జోలికి వెళ్లకండి. ధర రెట్టింపు ఉంటుంది, ఏది ఎంత కలిపారో ఆ కవరుకే తెలియాలి.

మూడోది చింతపండు గుజ్జు. వంద గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి, చిక్కగా పిసికి, వడకట్టి, ఒక పొంగు రానిచ్చి సీసాలో పోస్తే ఫ్రిజ్‌లో వారం రోజులు నిక్షేపంగా ఉంటుంది. వంట మధ్యలో చింతపండు పిసికే ఆ పది నిమిషాలు మిగలడం ఎంత హాయో చేసి చూస్తేనే తెలుస్తుంది.

నాలుగోది ఆకుకూరలు. రైతు బజారులో ధరల పట్టిక చూసి, కలగూరగా కొనండి: తోటకూర, పాలకూర, చుక్కకూర, దొరికితే పొన్నగంటి, మునగాకు. ఇంటికి తెచ్చాక కడగకూడదు. వేర్లు కోసి, పాడైన ఆకు ఏరేసి, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. తడి తగిలిన ఆకు మూడో రోజుకు నల్లబడి జారుడుగా అవుతుంది. ఎలాగూ ఆకుకూర వారమంతా ఆగదు కాబట్టి సోమ, మంగళ, బుధవారాలకు ఆకు. ఆ తర్వాత సొరకాయ, గుమ్మడి, వంకాయ, మునక్కాయ. ఈ ఒక్క క్రమం పాటిస్తే చెత్తబుట్టలోకి పోయే కూరగాయలు బాగా తగ్గుతాయి.

చివరగా ఒక చిన్న పని. వంటింటి క్యాలెండరులో ఏ రాత్రి ఏది నానబెట్టాలో రాసి పెట్టండి. మంగళవారం గడిలో ‘ఉలవలు’ అని ఒక్క మాట ఉంటే చాలు, బుధవారం గండం గడుస్తుంది.

మొదటి వంట: సంగటి, పుల్లగూర, ఊరుబిండి

మూడు వంటకాలని భయపడకండి. రెండు పొయ్యిలు, రెండు కుక్కర్లు ఉంటే నలభై ఐదు నిమిషాల్లో కంచం ముందు కూర్చోవచ్చు. ఒకే కుక్కరు ఉంటే పప్పు అందులో, సంగటి మందపాటి గిన్నెలో.

కావలసినవి: బియ్యం లేదా నూకలు అర గ్లాసు, రాగిపిండి ఒకటిన్నర గ్లాసు, కందిపప్పు 150 గ్రాములు (ముప్పావు గ్లాసు దాటి), ఆకుకూర రెండు పెద్ద కట్టలు, టమోటాలు మూడు, పచ్చిమిరపకాయలు ఆరేడు, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, తెల్లగడ్డ (వెల్లుల్లి) పాయలు పది, వేయించిన వేరుశెనగ గింజలు ఒక గ్లాసు, ఎండుమిరపకాయలు ఏడు, చింతపండు గుజ్జు మూడు చెంచాలు, నూనె మూడు చెంచాలు.

ఇంట్లో అడుగు పెట్టగానే, చెప్పులు విడిచిన వెంటనే చేయాల్సిన పని: కందిపప్పు, బియ్యం విడివిడిగా కడిగి నానబెట్టడం. తర్వాత కాళ్లూ చేతులూ కడుక్కుని, బట్టలు మార్చుకుని రండి. ఆ పదిహేను నిమిషాల నానుడు చాలు. సంగటికి రేషన్ బియ్యం భేషుగ్గా ఉంటాయి. ఎలాగూ మెత్తగా ఉడకాల్సినవే కదా. ఆ బియ్యంలో కొంచెం తేడాగా, పాలిపోయి కనిపించే గింజలు ప్లాస్టిక్ అని కొందరు ఏరి పారేస్తుంటారు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి బియ్యప్పిండితోనే తయారుచేసిన గింజలు. వంద పాళ్ల బియ్యానికి ఒక పాలు చొప్పున కలిపినవి. ఏరకండి.

ఇక పొయ్యి వెలిగించండి.

1. కుక్కరులో కందిపప్పు, పసుపు, పచ్చిమిరపకాయలు, తరిగిన ఎర్రగడ్డ, నాలుగు తెల్లగడ్డ పాయలు, రెండున్నర గ్లాసుల నీళ్లు. టమోటాలూ ఆకుకూరా మాత్రం నేరుగా పప్పులో కలపకుండా, ఒక చిన్న గిన్నెలో పెట్టి ఆ గిన్నెను పప్పు మీద దింపండి. పులుపు తగిలితే పప్పు తొందరగా ఉడకదు. చుక్కకూర, గోంగూర ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి పన్నెండు నిమిషాలు. విజిళ్లు లెక్కపెడుతూ పెద్ద మంట మీద ఉంచడం వల్ల గ్యాసు ఖర్చే తప్ప పప్పు త్వరగా ఉడికేది లేదు.

2. రెండో పొయ్యి మీద బియ్యం, నాలుగుంపావు గ్లాసుల నీళ్లు, కొంచెం ఉప్పు. కుక్కరైతే నాలుగు విజిళ్లు. గిన్నెలోనైతే ఇరవై నిమిషాలు, మూత వారగా పెట్టి. మెతుకు వేళ్ల మధ్య నొక్కితే పేస్టులా అయిపోవాలి.

3. ఈలోగా మిక్సీ జారులో ఎండుమిరపకాయలు (అర చెంచా నూనెలో వేయించి), ఉప్పు, రెండు చెంచాల చింతపండు గుజ్జు, మూడు తెల్లగడ్డ పాయలు వేసి తిప్పండి. మెదిగాక వేరుశెనగ గింజలు వేసి, ఆపి ఆపి మూడు సార్లు తిప్పితే చాలు. చివరగా నాలుగు ముక్కలుగా కోసిన చిన్న ఎర్రగడ్డ వేసి ఒక్కసారి తిప్పి ఆపేయాలి. ఊరుబిండి పంటికి తగలాలి. గింజ పలుకు తెలియకుండా మెత్తగా రుబ్బితే అది ఇడ్లీ చట్నీ అవుతుంది. సంగటి పక్కన దానికి విలువ లేదు.

4. మెత్తబడిన అన్నం కుతకుతలాడుతుండగా మంట తగ్గించి, రాగిపిండిని మధ్యలో గుట్టగా పోయండి. కలపకండి. ఈ ఒక్క చోటే చాలామంది తొందరపడతారు. పిండి నడుమ తెడ్డు కాడతో గుంట చేసి, మూతపెట్టి ఆరేడు నిమిషాలు వదిలేయాలి. అడుగున నీళ్లు ఆ గుంటలోంచి పైకి పొంగి పిండిని ఉడికిస్తాయి. ముందే కలిపితే ఉండలు కడతాయి. ఉండ లోపల పచ్చిపిండి మిగిలి నోట్లో పొడిపొడిగా తగులుతుంది. మూత తీశాక పొయ్యి ఆపి, గిన్నెను గుడ్డతో గట్టిగా పట్టుకుని, సంగటి కట్టెతో అంచుల నుంచి నడుముకు నొక్కి కలపండి. గట్టిగా అనిపిస్తే కాచిన నీళ్లు చారెడు చల్లాలి, చన్నీళ్లు వద్దు. తడి చేతికి అంటుకోకుండా ఉంటే ఉడికినట్టు. తడిపిన గిన్నెలో వేసి తిప్పితే నున్నగా ముద్ద వస్తుంది.

5. కుక్కరు చల్లబడ్డాక పప్పు మీది నీళ్లను ఒక గిన్నెలోకి వంచండి. గట్టిగా మిగిలిన పప్పులో ఉడికిన టమోటాలు, ఆకుకూర, ఉప్పు, ఒక చెంచా చింతపండు గుజ్జు వేసి పప్పుగుత్తితో ఎనపండి. నీళ్లతో సహా ఎనిపితే పప్పు ఒకవైపు, ఆకు ఒకవైపు ఈదుతుంటాయి. ఎనిపాక వంచిన కట్టు కావలసినంత మళ్లీ పోసుకోండి. మిగిలిన కట్టు ఫ్రిజ్‌లో పెడితే రేపటి చారు సగం అయినట్టే. తిరగమోతకు రెండు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, చితక్కొట్టిన మూడు తెల్లగడ్డ పాయలు. తెల్లగడ్డ అంచులు ఎర్రబడగానే పప్పులో పడాలి.

ఖర్చు చూద్దాం. కందిపప్పు కిలో రూ.140, రాగిపిండి, బియ్యం రూ.60 చొప్పున, వేరుశెనగ గింజలు రూ.150 అనుకుంటే, ఆకుకూరలూ టమోటాలూ నూనె అంతా కలిపినా వంద రూపాయలకు అటూ ఇటూగా తేలుతుంది. అదీ నలుగురికి. మీ వీధి చివర హోటల్లో ఒక్కరికి ఎంతవుతుందో మీకే తెలుసు.

పోషకాల మాట: రాగుల్లో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అలాగని ఇంట్లో మధుమేహం ఉన్నవారు ‘రాగి కదా’ అని రెండో ముద్దకు చెయ్యి చాపకూడదు. రాగుల్లోనూ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. ఒక చిన్న ముద్ద, గిన్నెడు పుల్లగూర అన్నది సరైన లెక్క. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే తాగే టీ దాన్ని చెడగొడుతుంది. కనీసం గంట ఆగండి.

టమోటా ధర మండినప్పుడు

మదనపల్లె మార్కెట్ పక్కనే పెట్టుకుని కూడా మనకు టమోటా ఎప్పుడు ఏ ధర పలుకుతుందో తెలియదు. 2023 జులై చివర్లో అక్కడే కిలో దాదాపు రూ.200 దాకా వెళ్లింది. కొన్ని సీజన్లలో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. చవకగా ఉన్నప్పుడు రెండు మూడు కిలోలు కొని, ముక్కలు కోసి, నీళ్లు పోయకుండా గుజ్జుగా ఉడికించి, చిన్న డబ్బాల్లో గడ్డకట్టించుకోండి. మండిపోతున్నప్పుడు టమోటాను మరచిపోండి. చింతచిగురు, చుక్కకూర, గోంగూర, వేసవిలో మామిడికాయ ఉన్నాయి. చిత్తూరు జిల్లా అంతా విరివిగా దొరికే తోతాపురి కాయలో పులుపు నాటుకాయంత ఉండదు కాబట్టి పప్పులోకి రెండు వేస్తేగానీ సరిపోదు.

రెండో వంట: పులగం

ఒళ్లు బాగా అలిసిన రోజుకు ఇది. గిన్నె ఒకటే, తోమాల్సిందీ ఒకటే.

బియ్యం ఒకటిన్నర గ్లాసు, పొట్టు పెసరపప్పు ఒక గ్లాసు కలిపి కడగాలి. పొట్టు తేలుతుంటే వంచి పారేయకండి, పీచంతా అందులోనే ఉంది. సొరకాయ ముక్కలో గుమ్మడికాయ ముక్కలో రెండు గ్లాసులు, దంచిన మిరియాలు ఒక చెంచా, జీలకర్ర, అల్లం ముక్క, పసుపు, ఉప్పు, ఆరు గ్లాసుల నీళ్లు. మూడు విజిళ్లు, ఆ తర్వాత దానంతట అదే చల్లబడేదాకా మూత జోలికి వెళ్లకూడదు. తినేటప్పుడు ఒక చెంచా నెయ్యి. పక్కన మొన్నటి ఊరుబిండి మిగిలి ఉంటే అదృష్టం, లేకపోతే పెరుగు, నంజుకోవడానికి పచ్చి ఎర్రగడ్డ. పొంగలికీ దీనికీ తేడా నెయ్యిలోనూ జీడిపప్పులోనూ ఉంది. రాత్రిపూట ఆ తేడా ఉండటమే మంచిది.

మూడో వంట: ఉలవలు ఒకసారి, కూర రెండుసార్లు

ఒక గ్లాసు ఉలవలు ముందురోజు రాత్రే ఏరి, కడిగి, నానబెట్టాలి. ఏరడం తప్పనిసరి, ఉలవల్లో రాళ్లు ఉలవల్లాగే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో వంటింట్లో బయట పెట్టిన గిన్నె తెల్లారేసరికి నురగ కట్టి వాసన వస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లో నానబెట్టండి.

మరునాడు సాయంత్రం ఐదు గ్లాసుల నీళ్లతో కుక్కరులో పెట్టి, మొదటి విజిల్ తర్వాత చిన్న మంట మీద ఇరవై ఐదు నిమిషాలు. కట్టు వంచి పక్కన పెట్టండి. ఒక గరిటెడు ఉలవలు మిక్సీలో రుబ్బి ఆ కట్టులో కలిపితే గంటల తరబడి మరిగించకుండానే చిక్కబడుతుంది. తిరగమోతలో ఎర్రగడ్డ, కరివేపాకు, తెల్లగడ్డ వేయించి, చింతపండు గుజ్జు, కారం, ఉప్పు, కట్టు పోసి పది నిమిషాలు మరిగితే చారు సిద్ధం. పెళ్లి భోజనాల్లో పోసే చారులా వెన్న మీగడతో ఉండదు, ఉండనక్కర్లేదు కూడా.

మిగిలిన ఉలవలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి. మరుసటి రాత్రి తిరగమోత వేసి గుగ్గిళ్లుగానో, వంకాయ ముక్కలతో కూరగానో వాడుకోవచ్చు. అలసందలతోనూ ఇలాగే చేయవచ్చు; వాటికి పదిహేను నిమిషాలు చాలు.

అట్లు, గుడ్లు

పెసలు, శెనగపప్పు, కందిపప్పు, బియ్యం తలా అర గ్లాసు పొద్దున నానబెట్టి వెళితే, సాయంత్రం అల్లం, మిరపకాయలు వేసి బరకగా రుబ్బి వెంటనే అట్లు పోసుకోవచ్చు. పులియబెట్టే పని లేదు. పిండిలో మునగాకు గుప్పెడు కలిపితే పిల్లలు ఏరి పక్కన పెట్టలేరు.

కోడిగుడ్డు చవకగా దొరికే మంచి మాంసకృత్తు. ఉడికించిన గుడ్లను గాట్లు పెట్టి, ఎర్రగడ్డ టమోటా పులుసులో వేస్తే సంగటికైనా అన్నానికైనా సరిపోతుంది. తినని ఇళ్లకు వేయించిన వేరుశెనగ పొడి అదే పులుసును చిక్కగా, బలంగా చేస్తుంది.

చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిన పప్పు కూర వదులుకోకూడదు. నానిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు టుప్పున జారి దూరంగా పడుతుంది. ఇది పనిదినం పని మాత్రం కాదు. ఆదివారం టీవీ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని పితికితే, ఫ్రీజరులో పెట్టుకుని వారంలో ఏ రాత్రైనా పావుగంటలో వండుకోవచ్చు.

తొమ్మిది దాటాక

బొరుగుల (మరమరాల) ఉగ్గాని. బొరుగులు పది పెద్ద గుప్పెళ్లు నీళ్లలో ముంచి, నిమిషంలోపే గట్టిగా పిండి తీయాలి. నూనె రెండు చెంచాలు, ఆవాలు, గుప్పెడు వేరుశెనగ గింజలు, ఎర్రగడ్డలు రెండు, పచ్చిమిర్చి, టమోటా, పసుపు. వేగాక బొరుగులు, మూడు చెంచాల పుట్నాల పొడి, నిమ్మరసం. పది నిమిషాలు. బొరుగుల్లో సత్తువ తక్కువ, అందుకే గింజలూ పుట్నాలపొడీ ధారాళంగా పడాలి. పక్కన మిరపకాయ బజ్జీలు ఉండాలని మనసు లాగుతుంది. వద్దు. ఉడికించిన గుడ్డో, గ్లాసెడు మజ్జిగో చాలు.

మిగిలితే

వండిన పప్పూ అన్నమూ తిరుపతి ఎండల్లో రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. చల్లారగానే ఫ్రిజ్‌లోకి. పుల్లగూర రెండు రోజులు ఉంటుంది. రెండో రోజు నీళ్లు పోసి మరిగించి చారుగా మార్చుకోండి. పులగం మిగిలితే బియ్యప్పిండి కలిపి, ఎర్రగడ్డ తరిగి వేసి, పెనం మీద మందపాటి రొట్టెలు తట్టవచ్చు. సంగటి ముద్ద మిగిలితే నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ఆ నీళ్లలోనే పిసికి, మజ్జిగ, ఉప్పు కలుపుకుని ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగేయండి. ఆ పూట టిఫిను చేయాల్సిన పని ఉండదు.